కాపు లేని ఏడు

నవంబరు రెండో శనివారం.
పొద్దున్నే రేకుల షెడ్డు తాళం తీసి
మిషను మీది దుప్పటి లాగేస్తాను.
పౌను పెకాన్లు పగలగొడితే అరవై సెంట్లు.
ధర పెంచలేదు. కాయలే తగ్గాయి.

ఫ్లింట్ నది అవతల నుంచి
అందరికంటే ముందు డ్వైట్ పర్విస్ వస్తాడు.
రొట్టె మానేశాడు, బంగాళదుంప మానేశాడు,
నలభై పౌన్లు కరిగాయని
బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త చిల్లులు చూపిస్తాడు.
"కీటోకి దీన్ని మించింది లేదు ట్వైలా"
అంటూ పప్పుబద్దలు లెక్కపెడతాడు
జీతంరాళ్లు లెక్కపెట్టుకున్నట్టు.
పంతొమ్మిది. ఔన్సు. ఆగిపోతాడు.
పోయినేడు ఇదే మనిషి
ఇదే షెడ్డు ముందు, ట్రక్కులో కూర్చుని
చర్చికి కొన్న పెకాన్ పై మొత్తం ఒక్కడే తిన్నాడు.
చూశాను. అప్పుడూ ఏమీ అనలేదు.

లొరీన్ టక్కర్‌కి గుండె డాక్టరు రాసిచ్చింది
మధ్యధరా సముద్రపు తిండి:
ఆలివ్ నూనె, చేపలు, రోజుకో గుప్పెడు గింజలు.
పనామా సిటీ బీచి తప్ప
మరో సముద్రం ఎరగదు లొరీన్.
"గుప్పెడంటే ఎవరి గుప్పెడే?" అంటుంది చెయ్యి చాపి.
నూలు మిల్లులో ముప్పై ఏళ్లు చేసిన చెయ్యి.
పూర్తిగా మూసుకోదు.
నా గుప్పెడే కొలిచి పోశాను.

హాయిట్ కొడుకు ఆదిమానవుడు తిన్నదే తింటాడట.
నవ్వాపుకున్నాను.
ఆ కాయ మా తాత అంటుకట్టిన చెట్టుది.
సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, మైనం పూసి,
అతుక్కుందో లేదోనని రాత్రి లాంతరు పట్టుకెళ్లి చూసొచ్చేవాడు.
ఆదిమానవుడికీ ఆ కొమ్మకీ ముఖపరిచయం లేదు.

అట్లాంటా నుంచి వచ్చిన ఆన్స్‌లీ
వీటిని నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండి
ఆవు లేని పాలు తీస్తుంది.
తాగాను. పాలు కావు అవి.
అయినా బాగున్నాయి, ఒప్పుకుంటే పోయేదేముంది.
పాస్టర్ థార్ప్ జనవరి ఉపవాసానికి ఇప్పుడే కొని దాస్తాడు.
మాంసం వద్దన్న దేవుడు
దీని ఊసెత్తలేదట.

ఒకరికిది కొవ్వు గనక కావాలి,
ఒకరికి మాంసం కాదు గనక.
డబ్బులు మాత్రం అన్నీ ఒకే కాఫీ డబ్బాలో పడతాయి.

మూడింటికి డార్లా ట్రక్కు వచ్చి
గేటు దగ్గరే ఆగుతుంది.
అద్దాలు దించదు.
వెనక సీట్లో కోల్బీ, నాలుగేళ్లవాడు.
వాడి పథ్యం ఒక్క మాట: వద్దు.
కాయ వద్దు, నూనె వద్దు, దాని ధూళి కూడా వద్దు.
రెండేళ్ల కిందట
నా ఏప్రన్ అంచు నోట్లో పెట్టుకున్నాడు, అంతే.
పెదాలు ఉబ్బి, గొంతు పూడుకుపోయి,
ఆసుపత్రి ముప్పై మైళ్లు.
ఆ ముప్పై మైళ్లూ నేను వాణ్ణి పట్టుకోలేకపోయాను,
నా ఒళ్లే వాడికి విషం.
ఇప్పుడు అద్దానికి అరచెయ్యి ఆనిస్తాడు లోపలి నుంచి.
నేను చేతులు వెనక్కి పెట్టుకుని
తల మాత్రం ఊపుతాను.

సాయంత్రం మిషను ఆపితే
తోట ఎంత నిశ్శబ్దమో తెలుస్తుంది.
నిరుడు కొమ్మలు విరిగేలా కాశాయి,
ఈ ఏడు పస్తున్నాయి.
ఒక ఏడు విందు, ఒక ఏడు ఉపవాసం,
మా అమ్మ పుట్టక ముందు నుంచీ ఇదే వరస.
ఎరువేసి చూశాం, బతిమాలి చూశాం.
వాటి ఇష్టం వాటిది.

స్నానం. తల రుద్దుకోవడం రెండుసార్లు.
గోళ్ల సందుల్లో బ్రష్షు.
షెడ్డు బట్టలు వరండాలోనే వదిలి
వేరే చెప్పులు, వేరే కారు.
తలుపు తియ్యగానే కోల్బీ
నా చేతులు రెండూ ముక్కు దగ్గరికి లాక్కుంటాడు.
చాలాసేపు వాసన చూస్తాడు
పెద్ద డాక్టరులా.

"ఏం లేదు" అంటాడు.
ఏం లేదురా, అంటాను.
అప్పుడు ఎక్కుతాడు ఒళ్లోకి.