ఇల్లరికం పోయిన నంబరు

నెలకు రెండు దీనార్లు మిగుల్తాయంటే
నంబరు మార్చకుండా కంపెనీ మార్చినా.
కౌంటరు కాడ పిల్లోడు సిమ్ము చేతిలో పెట్టి
"ఏం మారదు భాయ్, అవే అంకెలు" అన్యాడు.

ఫర్వానియాలో మేం మొదటంకె చూసి
ఇది ఫలానా కంపెనీ అని చెప్పేవాండ్లం,
ఇంటిపేరు వింటానే ఊరు చెప్పినట్ట.
ఇప్పుడు నా నంబరుది ఇల్లరికం.
పేరు పుట్టింటిది, కూడు అత్తింటిది.

మొదటి మూడు దినాలు సుఖంగానే ఉన్యా.
ఎండాకాలం కదా, బేరాలు తగ్గింటాయిలే అని
బండి కడుక్కున్యా.
వెనక సీటు కింద దొరికిన ఒంటి కమ్మ,
ఎవరిదో బతాకా జెరాక్సు
డబ్బాలో దాచిపెట్టినా.

నాలుగో రాత్రి రూములో
"ఫోను యాడనో పడేసినా, ఒకసారి కొట్టు" అంటే
ఖాజాపీరా కొట్టినాడు.
ఆయమ్మ అరబ్బీలో, తర్వాత ఇంగిలీసులో
అట్టాంటి నంబరే లేదనింది.
దిండు కింద దొరికింది ఫోను.
నాలుగు గీతలూ నిండుగా ఉండాయి.
మళ్లీ కొట్టమన్యా. ఇద్దరం దానికల్లే చూస్తాండాం.
చలనం లేదు.
"నువ్వు లేవంటరా" అన్యాడు.
నవ్వినాం.
నవ్వు నడిమద్దెలో నాకు ఓబుళమ్మ గుర్తొచ్చింది.

పుల్లంపేట ఓబుళమ్మ. జహ్రాలో ఒక ఇంట్లో వంట.
చేతిఫోను మేడం బీరువాలో ఉంటాది.
కాగితం మింద నేను రాసిచ్చిన నంబరు
రెండుసార్లు చెత్తబుట్టలో తేలినాక
లోపావడా అంచున ఎర్రదారంతో
నా ఎనిమిదంకెలూ కుట్టుకునింది.
"చదువు రాకపోతే ఏం నాయనా, కుట్టు వచ్చు"
అని ఒక శుక్రారం బండిలో నవ్వింది.
ఏదన్నా అయితే, ఇంట్లో ల్యాండు ఫోన్నుంచి
ఒక్క రింగు చాలు, వస్తానని మాటిచ్చినా.

మా కాడ అంతా సరిగ్గానే ఉండాది,
పాతోళ్లనడుగు అంటారు కొత్తోళ్లు.
నువ్వు మావోడివి కాదు గదా అంటారు పాతోళ్లు.
కొత్తోళ్ల ఫోన్లు వస్తాండాయి,
పాతోళ్లవి రావు, ఇండ్లల్లో ల్యాండు ఫోన్లు అసలే రావు.
వాటి పుస్తకంలో నేనింకా పాతింట్లోనే ఉండా.
పోయి ఆ తలుపు కొట్టి
ఎవురూ పలక్కపోతే
ఆ మనిషే లేడని తిరిగిపోతాండాయి.

మిస్‌డ్ కాల్ అయినా మేలు, ఎర్రగా కనపడతాది.
గడప దాకా రాకుండానే మళ్లిపోయినవాటికి
లెక్క ఎవురు చెప్తారు?
ఫిర్యాదుకొక నంబరిచ్చినారు, పదకొండంకెలు,
నా నంబరు కంటే పొడుగు.
జహ్రాకు రెండుసార్లు పోయొచ్చినా.
ఆ గేటు ముందర హారన్ కొట్టే హక్కు లేక
మెల్లగా పోనిచ్చి, మలుపులో ఆపి,
కిటికీలు లెక్కబెట్టి వచ్చినా.

పందొమ్మిదో దినం బాగైంది.
ఎట్ట చెడిందో చెప్పనట్టే, ఎట్ట బాగైందో కూడా చెప్పలా.

ఆ శుక్రారం మాలియాలో
చిట్వేలి సుగుణమ్మ కనపడింది, ఓబుళమ్మ పక్కింట్లో పనిజేసే మనిషి.
ఓబుళమ్మ రెండుసార్లు కొట్టిందంట.
ఎందుకో చెప్పలేదంట.
నంబరే లేదనేసరికి, మనిషి దేశానికి పోయినాడో
అసలు పోయినాడో అనుకోని,
కూసోని, సూదితో కుట్టు ఊడదీసిందంట.
"మూడంకెలు తీసి ఆపేసిందిలే."
ఎందుకాపింది అన్యా, ఆశగా.
"మేడం పిలిచింటే."

ఇప్పుడు యాడ ల్యాండు ఫోను కనపడినా అడుక్కుంటాండా,
బేకరీలో, మందులషాపులో, ఆస్పత్రి వాకిట్లో.
నా నంబరు నేనే కొడతా.
జేబులో మోగుతాది. తీస్తా.
రెండు చెవులకూ రెండు ఫోన్లు ఆనించుకోని
ఒకదాంట్లో "ఉండావా?" అంటా.
రెండోదాంట్లో నా గొంతే వినపడతాది,
రవ్వంత ఆలస్యంగా.