పద్దెనిమిది వేలు

తెల్లారితే గొంతుల బంక.
మింగితే దిగదు, ఖాండ్రిస్తే రాదు.
ఎనుమాముల యార్డుల మిర్చి పాట నాది;
"పద్దెనిమిది వేలు" అనబోతే
"పద్దె" కాడ్నే ఆగుతది.
రైతు నా మొకం దిక్కే చూస్తడు,
వాని ధర నా గొంతుల ఇరికినట్టు.

వాము పొగ, మిరియాల కషాయం, పసుపు పాలు
అన్నీ అయినయి.
ఎంజీఎంల డాక్టరమ్మ లైటేసి చూసి
"ఘాటు యార్డుది కొంత, నీ కడుపులది కొంత" అన్నది.
"పొద్దుగూకంగనే తిను. తల ఎత్తుల పెట్టి పండు."

మా స్వరూప తలాపు దిక్కు మంచం కోళ్ల కింద
రెండు ఇటుకలు పెట్టింది.
రాత్రంతా కాళ్ల దిక్కు జారుకుంట పోయిన.

నెల దాటింది. బంక మొత్తం పోలే.
నిన్న మూడో కుప్ప కాడ మాత్రం
పద్దెనిమిది వేల మూడు వందలు
ఒక్క గుక్కల వచ్చింది.

రైతు ఏం అన్లే.
తన నీళ్ల సీస నా చేతిల పెట్టిండు.