ఎడమ భుజం

ఆరంగుళాలు లేపించిన నా జీపు
బురదలో లో గేరు వేసి తొక్కితే చాలు
ఎడమ భుజం ఎగరేస్తోంది,
నాకేం పట్టిందన్నట్టు.

పుదుపేట సందులో జిలానీ
కిందికి దూరి చూడనైనా లేదు.
తడి మసిగుడ్డ చేతికిచ్చి పిండమన్నాడు.
"రెండు చేతులూ ఒకే వైపు తిప్పండి సార్,
చుక్క రాల్తుందేమో చూద్దాం."

షాఫ్టును ఇంజను ఇటు తిప్పితే
ఇంజన్ని షాఫ్టు అటు తిప్పుతుందట.
ఊరికే తిరగడానికి అదేమన్నా గానుగెద్దా?
"కంపెనీ ఎత్తులో ఈ తగువు ఇంట్లోనే ఉండేది.
మీరు లేపారు, మెత్తటి స్ప్రింగులేశారు,
ఇంతింత చక్రాలు తగిలించారు.
వీధికెక్కింది."

కుడి మణికట్టు చూపించాడు.
వంకరగా అతుక్కుంది.
పందొమ్మిదో ఏట
డ్రిల్లు బిట్టు ఇనుములో ఇరుక్కుంటే
ఆగని మోటారు
తన చేతినే తిప్పుకుంది.
"పాఠం అప్పుడే వచ్చేసింది. ఫీజు ఇదిగో."

కూవం వాసన, వెల్డింగు పొగ.
బానెట్టు మీద ఆ చెయ్యే ఆనించి
"బ్రేకు పట్టి, నిదానంగా" అన్నాడు.

తొక్కాను.
పక్కసీట్లో సగం తాగిన టీ
గ్లాసులో నా వైపు ఒరిగి
అంచు దాకా వచ్చి
అక్కడే నిలబడింది.