రెండు సెంటీమీటర్లు

ఆపరేషనైన పంతొమ్మిదో రోజున
కింది కుట్టు దగ్గర నోరు తెరిచింది గాయం,
చొక్కా గుండీ అంత.
బనీను మీద తడి చూసి
కాఫీ ఒలికిందనుకున్నాను.

ఔలు ఊళ్ళో నవంబరు.
మూడింటికే చీకటి.
ఇరవై రెండేళ్ళు నేను నడిపిన ఎనిమిదో నంబరు బస్సులో
చంకలో చిన్న దిండు ఇరికించుకుని
మూడో సీట్లో ఆసుపత్రికి పోతున్నాను.
ఎస్కోకి డ్రైవింగు నేర్పింది నేనే.
మలుపు మలుపుకీ బ్రేకు మెత్తగా తొక్కుతాడు,
అద్దంలో చూసీ చూడనట్టు.

మొదట్లో నడుముకి రెండు ప్లాస్టిక్ బుడ్లు వేలాడేవి.
పొద్దునా రాత్రీ తౌనో వాటిని వంచి, కొలిచి
టైర్ల షాపు కేలండరు మీద రాసేవాడు.
నలభై. ముప్పై అయిదు. మళ్ళీ నలభై.
పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో
నాకొక్క ఉత్తరం రాయని మనిషి.

"సున్నా నుంచి పదిలో నొప్పి ఎంత?"
ఏ నొప్పికి చెప్పను?
వీపులో కండ తీసి ముందుకు తిప్పారు కదా, అక్కడ గుంజుడు.
చంక కింద మంట.
తలుపు లాగితే చాలు,
వీపు పనే ఇంకా చేస్తున్నాననుకుని
కొత్త రొమ్ము ఉలిక్కిపడుతుంది.
తీసేసిన దానికేమో రాత్రిళ్ళు దురద,
లేనిదాన్ని ఎక్కడని గోకను?
"ఆరు" అంటాను.
ఆరంటే రాసుకుని ఊరుకుంటారు,
ఏడంటే మాత్ర మారుస్తారు.

"సిగరెట్లు తాగేవారా?" అన్నాడు డాక్టరు.
ఎప్పుడో మానేశాను.
నేను మానినంత తేలిగ్గా ఇది మానటం లేదు.
"షుగరుందా?"
లేదు.
ఆ తర్వాత కాసేపు మా ఇద్దరి మధ్యా
తప్పు నాదేనన్నట్టు ఒక కుర్చీ ఖాళీగా కూర్చుంది.
"ఇంకో రెండు వారాలు చూద్దాం,
లేకపోతే లోపలి సంచి తీసేద్దాం."

బతికి బట్టకట్టావు, అది చాలదా అంది ఆడపడుచు ఇర్మా.
ఆ బట్టే కదమ్మా కట్టుకోలేకపోతున్నది!
తల మీంచి దిగే స్వెట్టరు ఒక్కటీ వేసుకోలేను.
తౌనో చొక్కాలే ఒంటి మీద,
గుండీలు కుడి పక్కన ఉంటే
వేళ్ళు ఇంకా తడబడతాయి.

రోజు విడిచి రోజు నర్సు హిల్కా
దూదిపుల్ల లోపలికి దించి
స్కేలు పక్కన పెట్టి చూస్తుంది.
"రెండున్నర."
"రెండున్నర."
"రెండున్నరే, కంగారుపడకు.
అడుగు నుంచి పూడాలి.
పైన మూసుకుంటే లాభం లేదు, లోపల చీము గూడు కడుతుంది."
నాకెందుకో నాన్న గుర్తొచ్చాడు.
చలికాలం సముద్రం గడ్డకట్టాక
దీవికి దారి వేసే ముందు
మంచుకి బెజ్జం వేసి కర్ర దించేవాడు.
పైకి ఎంత తెల్లగా మెరిసినా నమ్మేవాడు కాదు.
చాలకపోతే ఏమీ అనకుండా
కర్ర భుజాన వేసుకుని ఇంటికొచ్చేవాడు.

క్రిస్మస్ వెళ్ళాక ఒక బుధవారం
"రెండు" అంది హిల్కా.
బస్సులో ఎస్కోకి రెండు వేళ్ళు చూపించాను.
వాడికేం అర్థమైందో, హారను కొట్టాడు.

మార్చిలో కట్టు లేకుండా ఇంటికి పంపారు.
సొట్ట ఉండిపోయింది.
ఒకటి కొంచెం పైకి, ఒకటి వయసుకు తగ్గట్టు కిందికి.
సరిచేయించుకుంటావా అని ఎవరూ అడగటం లేదు,
నేనూ చెప్పటం లేదు.

ఇవాళ ఆడవాళ్ళ సౌనాకి వెళ్ళాను.
బయటి చలి దానిలోనే ఇంకా కూర్చుని ఉంది,
అరువు తెచ్చిన గిన్నెలా చల్లగా.
దానికి వేడి తెలియదు, కాలినా తెలియదు.
అరచెయ్యి అడ్డం పెట్టుకుని
దాని బదులు నేనే వేడిని కనిపెట్టుకుంటున్నాను.
చూపులు వచ్చాయి, ఆగాయి, పోయాయి.
కింది బల్ల మీద ముసలి సేల్మా పక్కకి జరిగింది.
ఆవిరిలోంచి కళ్ళు చికిలించి,
"ఎనిమిదో నంబరు నువ్వు కదూ నడిపేది?
ఇప్పుడెవడో కుర్రాడు,
బస్సా అది, ఎడ్లబండి!
బ్రేకు మీంచి కాలు తియ్యడు."

నవ్వాను.
నవ్వితే కుట్టంతా లాగింది.
నాలుగు.
కాదు, ఆరే.