ఎడమచేతి ఉలి

దేవరకొండ ఖిల్లా మీద
ఇయ్యాల టిక్కెట్టు లేదు, అడ్డం లేదు.
మూడు రోజుల సంది
సీతాఫలం పొదలు నరికినం నేనూ సైదమ్మా.
కూలి ఇంకా రాలేదు గాని
మెట్లు బయటపడ్డయి.
పదేండ్లు కాపలా ఉన్న నాకే తెల్వదు
పొదల కింద ఇన్ని మెట్లున్నయని.

పొద్దుగాలనే మొదలైంది ఎక్కుడు.
కొండమల్లేపల్లి బడిపిల్లలు, మెడల నీళ్ల సీసాలు;
తండా నుంచి అద్దాల రవికెల ఆడోళ్లు,
ఉడకబెట్టిన పల్లికాయ మూటతోని;
కిందిగల్లీ ఖుర్షీద్ బీ,
కర్రతో ఒక మెట్టు, దమ్ము తీసి ఒక మెట్టు.
"పెండ్లయి వచ్చిన కాడి నుంచి
కిటికీల కెళ్లి చూస్తున్న ఈ గుట్టను,
ఇయ్యాల గుట్ట మీది నుంచి
నా కిటికీ చూడాలె" అన్నది.

ఆఫీసరు మైకు పట్టుకొని
రాజుల పేర్లు చదివిండు,
ఉప్పు, చింతపండు, ఎండుమిరప
కిరాణం చీటీ చదివినట్టు.
పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు.
గాలి సగం పేర్లు ఎత్కపోయింది.

ఓర్సు బిచ్చప్ప మాత్రం
రెండో దర్వాజ కాడనే ఆగిపోయిండు,
గోడకు చెంప ఆనించి.
కండ్లు తిరిగినయేమోనని నీళ్లు తీస్కపోయిన.
వద్దన్నడు.
వేలితోటి రాయి మీద గీత వెంట గీత తడిమిండు.

"చూడు బిడ్డా,
ఈ గాట్లన్నీ కుడి నుంచి ఎడమకు దిగుతున్నయా?
ఈ ఒక్క రాయి మీద
ఎడమ నుంచి కుడికి.
వీడు ఎడమచేతోడు.
ఇగో, ఈడ ఉలి జారింది,
కోపమొచ్చి రెండు దెబ్బలు ఎక్కువ కొట్టిండు."

నేను చూసిన.
ఆ దర్వాజల నుంచి రోజూ పోతా వస్తా
చూడనిది చూసిన.
ఎవనికో కోపమొచ్చిన ఒక పగటిపూట
ఇంకా గోడలనే ఉన్నది.

పిల్లలు ఉరికొచ్చిండ్రు.
పలక మీద ఎడమచేత్తో రాస్తే
సారు తిట్టే పిల్ల ఒకతి, శైలజట,
అందరిని నూకి ముందుకొచ్చి
ఆ గాట్లల్ల వేళ్లు పెట్టింది.
ఏమనలే.
శానాసేపు తియ్యలే.

"పేరేం పేరు తాతా అతనిది?"
బిచ్చప్ప నవ్విండు,
ముందటి పన్ను లేని నవ్వు.
"మా అయ్యను అడగాలె,
మా అయ్య వాళ్ల అయ్యను అడగాలె."

పైన ఖుర్షీద్ బీకి కిటికీ దొరకలేదు.
అన్ని కప్పులూ ఒక్కతీరుగ కనపడ్డయట.
అయినా కొంగు అడ్డం పెట్టుకొని
ఎండల ఆమె చాలాసేపు వెతుకుతనే ఉన్నది.
తండా ఆడోళ్లు పల్లికాయ పెట్టిండ్రు.

పొద్దుగూకినంక
పొట్టు ఊడ్చినం, సీసాలు ఏరినం,
ఒక పిల్లగాని చెప్పు దొరికితే
దర్వాజ చీల మీద తగిలేసినం.
తాళమేస్తుంటే సైదమ్మ ఆగి
ఆ ఎడమచేతి రాయి దిక్కు చూసి అడిగింది:

"వీనికి కూలి
ఇచ్చిండ్రంటవా?"