నలభై ఏడో రేకు

అవెయిరోలో ఈ రోజూ వానే.
ల్యాబ్ కిటికీ అవతల ఉప్పుమడులు
ఎవరూ తుడవని అద్దాల్లా పడున్నాయి.
జెఫెరీనో నలభై ఏడో రేకును
మెషీన్ దవడల మధ్య బిగిస్తున్నాడు
పసివాడి చొక్కాకి గుండీలు పెడుతున్నంత నెమ్మదిగా.

మూడో రేకుతో మొదలైంది ఇదంతా.
కుడికి తోశాం.
కాసేపు గింజుకుంది, లొంగింది,
లొంగేకొద్దీ బిరుసెక్కింది.
అంతవరకూ నా సమీకరణానికి తెలుసు.
దాని లెక్కలో లోహమంటే ఒక వలయం,
దెబ్బ తిన్నకొద్దీ
అన్ని దిక్కులకీ సమానంగా ఉబ్బేది.
కుడికి గట్టిపడింది ఎడమకీ గట్టిపడాలి కదా,
న్యాయమంటే అంతే కదా.

ఎడమకి తిప్పాం.
సగం బరువుకే జారిపోయింది.

స్క్రీన్ మీద నా గీత పైన, నిజం కింద,
మధ్యలో రెండు వేళ్ల ఖాళీ.
"ఇందులో వింతేముంది డెల్ఫీనా" అన్నాడు జెఫెరీనో.
ముప్పై ఏళ్లు ఆగెడాలో సైకిల్ హ్యాండిళ్లు వంచినవాడు.
జేబులోంచి తీగముక్క తీసి నా చేతికిచ్చాడు.
"వంచు. ఇప్పుడు వెనక్కి.
చూశావా, తిరిగొచ్చే దారి దానికి ముందే తెలుసు."

ఆ ఒక్క మాటని గణితంలోకి దింపడానికి
పదకొండు నెలలు పట్టింది నాకు.
వలయాన్ని ఉబ్బనివ్వడమే కాదు, జరగనిచ్చాను.
దాని నడిబొడ్డుకి ఒక బాణం కట్టాను.
ఎటు తోస్తే అటు ఒరుగుతుందది,
మనం ఎదురు తిరిగిన క్షణాన
మన పక్షానే చేరిపోతుంది.
లోపల, అణువుల వరుసల్లో,
మూసిన లాకు ముందు ఆగిన పడవల్లా
లోపాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ గుమిగూడతాయట.
వెనక్కి అనగానే
ఆ నెట్టుడే వాటికి తెడ్డు.

పేపర్ అచ్చయింది. కేకు కోశాం.

ఈవేళ అడ్డంగా లాగుతున్నాం.
అటూ కాదు, ఇటూ కాదు,
ఈ రేకు ఎప్పుడూ పోని వైపు.
మొండికేసింది.
నా గీతను దాటి ఎగబాకి
అక్కడే కాసేపు భీష్మించుకుని
తర్వాత దిగొచ్చి
ఏమీ ఎరగనట్టు నా గీత పక్కన నడిచింది.

జెఫెరీనో జేబులో దీనికి తీగముక్క లేదు.
చాలాసేపు గ్రాఫ్ వంకే చూశాడు.
"ఫ్యాక్టరీ మూసేశాక
గోడౌన్‌లో రాత్రి కాపలా పని ఇచ్చారు.
మూడు నెలలు ఈ చేతులు నిద్రపోలేదు."
తర్వాత?
"తర్వాత పోయాయి.
అదే నచ్చలేదు నాకు."

కొత్త దిక్కు పట్టగానే
పాతది ఎంత వేగంగా చెరిగిపోవాలో
ఒక సంఖ్య ఇవ్వాలి మోడల్‌కి.
సున్నా పాయింట్ మూడు అని కొట్టాను,
చెరిపాను,
మళ్లీ అదే కొట్టాను.

రేకును విప్పేటప్పుడు అది ఇంకా గోరువెచ్చగా ఉంది.
నంబరు రాసి అరలో పెట్టాలి, నియమం.
అతను కోటు జేబులో వేసుకోవడం చూశాను.
వాన తగ్గకముందే వెళ్లిపోయాడు.

రిజిస్టర్‌లో నలభై ఏడుకి ఎదురుగా
కనిపించుట లేదు
అని రాశాను, నా దస్తూరీతోనే.