ఇరవయ్యో గీత

పేపర్లన్నీ పంతొమ్మిదే అని రాశాయి.
రాయనీ. తోక మీద గీతలు గీసినవాణ్ణి నేను.
తెల్ల రంగు డబ్బా నా పెట్టెలో ఉండేది,
ఉడుత వెంట్రుకల కుంచె మా చెల్లెలు కట్టి పంపింది.

లడోగాకి ఉత్తరాన, పేరైనా లేని సరస్సు మీద
మా విమానాశ్రయం. అంటే,
గడ్డకట్టిన నీళ్ళు, నాలుగు గుడారాలు, ఒక ఆవిరి స్నానాల గది.
రాత్రి ఇంజన్ లోంచి నూనె వంపి ఆ గదిలో దాచి
పొద్దున్నే చంటిపిల్లకి పాలు కాచినట్టు కాచి పోసేవాణ్ణి.
ఒట్టి చేత్తో ఇనుము తాకితే
వేలి తోలు ఇనుముకే మిగిలేది.

కెప్టెన్ కైపియా దిగగానే
అందరూ రెక్కల్లో చిల్లులు లెక్కపెట్టేవాళ్ళు.
నేను ఆయన చెయ్యి చూసేవాణ్ణి.
ఎన్ని వేళ్ళు లేస్తే అన్ని గీతలు.
ఒకటి. రెండు. ఒకరోజు మూడు.
ఆ చలికి రంగు గడ్డకట్టేది;
డబ్బా చొక్కా లోపల పెట్టుకుని
ఒంటి వేడికి కరిగాక గీసేవాణ్ణి.
గీత నా అరచేతి పొడుగు.
అందులో ఒక మనిషి పడతాడా అని
అప్పుడు తట్టలేదు. ఇరవై రెండేళ్ళు నాకు.

హెల్సింకి నుంచి ఒకాయన కెమెరాతో వచ్చాడు.
కెప్టెన్ కట్టెల మోపు వెనక వాంతి చేసుకుని
మంచుతో నోరు పుక్కిలించి
వచ్చి నవ్వాడు.
ఆ నవ్వు బళ్ళలో గోడలకెక్కింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం
దిగాడు, వేలు లేవలేదు.
ఇంజన్ చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది.
రెక్క ఎక్కాను. తూటాలన్నీ ఖాళీ,
పొద్దున నింపినవాణ్ణి నాకు తెలీదా?
"ఎన్ని, కెప్టెన్?"

"బెల్టు ఊడటం లేదు వాడికి, తౌనో.
చేతితొడుగు పళ్ళతో లాక్కుంటున్నాడు.
ఊలుది. ఎర్ర అంచు.
ఇంట్లో ఎవరో అల్లి ఉంటారు."
కాసేపాగి,
"రంగు తియ్యకు" అన్నాడు.

మర్నాడే శిక్షణ బడికి బదిలీ అడిగాడు.

యుద్ధం అయ్యాక కువోపియోలో ఇంటింటికీ తిరిగి
కుట్టుమిషన్లు అమ్మాడు. బాగానే అమ్మాడు,
ఆ ఫోటో గుర్తుపట్టి కొన్నవాళ్ళే ఎక్కువ.
నేను పడవలకి రంగులేశాను.
ఏడాదికోసారి కాఫీకి కలిసేవాళ్ళం.
ఎంత చలైనా ఆయన చేతులు జేబుల్లోనే,
తొడుగులు మాత్రం తొడగడు.
పక్క బల్ల మీంచి ఎవరో ఒకరు వచ్చి
"పంతొమ్మిది కదండీ!" అనేవారు.
ఆయన నా వైపు చూసేవాడు.
నేను చక్కెర కలిపేవాణ్ణి, కలిసిపోయిన చక్కెరని.

ఆయన పోయిన ఏడాది బస్సెక్కి మ్యూజియానికి వెళ్ళాను.
తోక ఒక్కటే మిగిలింది, తాడు కట్టి నిలబెట్టారు.
నా గీతలు బీటలు వారాయి. చివరిది కాస్త వంకర,
ఆ రోజు జ్వరం నాకు.
దాని పక్కన అరచేతి మేర ఒట్టి రేకు.

"తర్వాతి విజయం కోసం వదిలిన చోటు" అని
గైడు బడిపిల్లలకి చెబుతున్నాడు.

నా వేలు ఒకటి లేచింది.
ఏదో అడుగుతానేమోనని ఆయన ఆగాడు, పిల్లలు తిరిగి చూశారు.
ఏం లేదు, అన్నాను.
చెప్పండి మీరు.